ఓనర్లు లేని జట్టు

చిత్తూరులో నాతోపాటు డిగ్రీ చదివిన మిత్రుడొకడు అయిదారేళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక శుక్రవారం రాత్రి, ఇక్కడ తిరుపతిలో నేను పడుకుని గంటైనాక ఫోన్ చేశాడు. వెనకాల జనం, పాటలు, ఈలలు. వాడి గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది.

"ఒరే మామా, నేనిప్పుడు ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకి ఓనర్ని రా!"

తాగాడేమో అనుకున్నాను. తాగే ఉన్నాడు, కానీ చెప్పింది మాత్రం నిజమే. డబ్లిన్‌లో బొహీమియన్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. 1890లో ఫీనిక్స్ పార్కు గేటు దగ్గరి చిన్న ఇంట్లో కొంతమంది కుర్రాళ్ళు కూర్చుని పెట్టుకున్నది. 1901 నుంచి డాలీమౌంట్ పార్కు దాని సొంత మైదానం. (బాబ్ మార్లే 1980లో కచేరీ చేసిందీ అక్కడే. ఈ సంగతి మావాడు నాకు మూడుసార్లు చెప్పాడు.) ఆ క్లబ్బుకి సేటు లేడు, కంపెనీ లేదు. ఏటా చందా కట్టే సభ్యులే యజమానులు. ఏ నిర్ణయమైనా వాళ్ళ ఓటుతోనే. భూముల ధరలు మండిపోతున్న రోజుల్లో గ్రౌండుని బిల్డరుకి అమ్మేద్దామని ఓటేసిందీ ఆ సభ్యులే. ఆ బేరం కుప్పకూలింది, క్లబ్ అప్పుల్లో పడింది, ఆఖరికి 2015లో డబ్లిన్ నగర పాలక సంస్థ ఆ గ్రౌండుని కొనుక్కుంది. తప్పు చేశారు, కానీ చేసింది వాళ్ళే, దిద్దుకుంటున్నదీ వాళ్ళే. క్లబ్ ఇంకా ఉంది. మావాడు ఆ సంవత్సరమే చందా కట్టాడు. అదీ ఓనర్ కథ.

"మనకి యాడుండాది రా ఇట్లాంటిది?" అన్నాడు.

నిద్రమత్తులో ఉన్నా నోటికి జవాబు వచ్చేసింది. "ఒకటుండేది. హైదరాబాద్ సిటీ పోలీస్. ఒకప్పుడు దేశంలో వాళ్ళని కొట్టేవాళ్ళు లేరు."

"పోలీసోళ్ళదా? అదీ హైదరాబాద్‌ది. అది మనదెట్లవతాది?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నలో రెండు ముళ్ళున్నాయి. పోలీసు జట్టుకి ఓనర్ ఎవరు, డిపార్ట్‌మెంటా, జనమా? హైదరాబాద్ జట్టు చిత్తూరు జిల్లావాడికి ఏమవుతుంది?

మొదట ఆ జట్టు ఏం చేసిందో చెప్పాలి, ఎందుకంటే తెలుగు చదివేవాళ్ళకి అది చెప్పినవాళ్ళు తక్కువ. బొంబాయిలో రోవర్స్ కప్ అని ఒక టోర్నమెంటు ఉండేది. మొదటి విజేత 1891లో బ్రిటిష్ సైన్యపు వూస్టర్‌షైర్ రెజిమెంటు. ఆ తర్వాత నలభై అయిదేళ్ళ పాటు కప్పు తెల్ల సైనికుల చేతులు దాటలేదు. 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ అనే జట్టు మొదటిసారి దాన్ని భారతీయుల చేతికి తెచ్చింది. అలాంటి కప్పుని హైదరాబాద్ సిటీ పోలీస్ 1950, 51, 52, 53, 54లలో గెలిచింది. వరసగా అయిదుసార్లు. 2000-01లో ఆ టోర్నమెంటే ఆగిపోయింది, అప్పటిదాకా ఇంకే జట్టూ ఆ వరసని అందుకోలేదు. 1957లో మళ్ళీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారాక 1960లో, 1963లో గెలిచింది, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకుంది. మొత్తం తొమ్మిది. ఢిల్లీ డ్యూరాండ్ కప్ నాలుగుసార్లు: 1950, 1954, 1957, 1961. వీటిలో రెండు ఫైనల్స్ మోహన్ బగాన్ మీద, ఒకటి ఈస్ట్ బెంగాల్ మీద. కలకత్తా క్లబ్బులకి ఫుట్‌బాల్ అంటే మతం. అక్కడి జట్లని లాఠీ పట్టే కానిస్టేబుళ్ళు వచ్చి ఓడించి, రైలెక్కి, మళ్ళీ డ్యూటీకి వెళ్ళేవాళ్ళు.

ఈ జట్టు 1939లో సిటీ ఆఫ్ఘన్స్ అనే పేరుతో మొదలైంది. నిజాం కాలపు హైదరాబాద్‌లో అఫ్ఘాన్లు, అరబ్బులు, రొహిల్లాలు తరాలుగా సిపాయి కొలువుల్లో ఉన్నవాళ్ళు. అరబ్ సిపాయిల బ్యారక్సే నోట్లో నలిగి బార్కస్ అనే పేటయింది. ఆ పేటలో ఈనాటికీ క్రికెట్ కంటే ఫుట్‌బాలే ఎక్కువ. 1943లో ఈ జట్టు బెంగుళూరులో యాష్ గోల్డ్ కప్ ఫైనల్ ఆడింది. ఎదురుగా రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టు. అందులో డెనిస్ కాంప్టన్. ఇంగ్లండ్ తరఫున క్రికెట్ ఆడిన ఆ కాంప్టనే. ఆర్సెనల్ ఫుట్‌బాల్ ఆటగాడు కూడా, యుద్ధం వల్ల ఇండియాలో ఉన్నాడు. హైదరాబాద్ గెలిచింది.

అప్పట్లో మన దేశంలో గట్టి జట్లన్నీ ఇలాంటివే: రెజిమెంటు, రైల్వే, మిల్లు, పోలీసు. ఆటకి డబ్బివ్వకూడదు, అంతా అమెచ్యూర్ అని నియమం. కానీ ఆడేవాడికి ఇల్లు గడవాలి కదా. అందుకని ఆటకి బదులు ఉద్యోగం. కలకత్తాలో పెద్ద క్లబ్బులు చాటుమాటుగా చేతిలో పెట్టేవి. హైదరాబాద్‌లో పోలీసు కొలువు ఇచ్చేవాళ్ళు: నెల జీతం, యూనిఫాం, రిటైరైతే పెన్షన్. ఇంట్లో నలుగురు తమ్ముళ్ళున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు. జట్టు ఏళ్ళ తరబడి చెదరకుండా ఉండటానికీ ఇదే కారణం. ఒకే మైదానంలో, ఒకే కోచ్ కింద, రోజూ పొద్దున్నే కలిసి ఆడే పదకొండుమందిని కొట్టడం కష్టం.

ఆ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు, యూనివర్సిటీ జట్టుకి ఆడాడు, కొన్నాళ్ళు హాలండ్‌లో కూడా ఒక అమెచ్యూర్ క్లబ్బుకి ఆడాడు. కానీ వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠం చెప్పాడు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1950లో పోలీసు జట్టుకి కోచ్ అయ్యాడు, 1963లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. భారత జట్టుకీ కోచ్ ఆయనే. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర ఈయనదే. ఆ సినిమా చూసినవాళ్ళకి రహీం తెలుసు. కానీ దాని చూపంతా దేశం జట్టు మీదే. ఆయన రోజూ పొద్దున్న పనిచేసిన ప్రయోగశాల మాత్రం పోలీసు జట్టు.

ప్రయోగశాల అనడం అతిశయోక్తి కాదు. రహీం పెట్టిన చిత్రమైన పోటీల గురించి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు: బంతి కాలి దగ్గర పెట్టుకుని ముగ్గుర్ని దాటుకుంటూ పోయే హీరోయిజం కుదరదు, రాగానే ఇంకొకరికి అందించాలి. బలహీనమైన కాలితో మాత్రమే ఆడే టోర్నమెంట్లు: కుడికాలి వాడు ఎడమతోనే తన్నాలి. పిల్లలకి వయసుని బట్టి కాక ఎత్తుని బట్టి పోటీలు: గోడమీద గీత గీసి, దానికి మించినవాణ్ణి పక్కన పెట్టడం. (బర్త్ సర్టిఫికెట్లు లేని దేశంలో ఇంతకంటే తెలివైన పని ఉందా?) బ్రెజిల్ కంటే ముందే 4-2-4 పద్ధతి ఆడించాడని ఆయన అభిమానులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ 'ముందే' మీద నాకు పెద్ద మోజు లేదు. 1953లో హంగరీవాళ్ళు వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో చిత్తు చేశాక ప్రపంచంలో బుర్రున్న ప్రతి కోచ్ అటే చూశాడు, రహీమూ చూశాడు. నాకు గొప్పగా అనిపించేది ఆ ఎడమకాలి పోటీలే.

నేను పుస్తకం ఎందుకు మూసేశానో చెప్తాను. తిరుపతిలో నేను బడికెళ్ళే రోజుల్లో మాకొక డ్రిల్లు ఐవారు ఉండేవాడు. సాయంత్రం నెహ్రూ మున్సిపల్ గ్రౌండులో మమ్మల్ని ఫుట్‌బాల్ ఆడించేవాడు. చుట్టూ పది క్రికెట్ ఆటలు, మధ్యలో మేము. బుధవారం వస్తే మాకు ఏడుపు. "ఈ పొద్దు ఎడంకాలే. కుడికాలు తగిలిందా, పెనాల్టీ" అనేవాడు. ఒక్కోరోజు "ఎత్తుకోని పరిగెత్తబాకండ్రా, ఇచ్చేయండి, ఇచ్చేయండి" అని గొంతు చించుకునేవాడు. బంతిని రెండుసార్లు తాకితే ఫౌల్. మాకు అది ఆయన పిచ్చి అనిపించేది. స్టోర్ రూం గోడ మీద సుద్దముక్కతో గీసిన అడ్డగీత ఒకటి ఉండేది. దాని కింద నిలబెట్టి జట్లు విడగొట్టేవాడు. నేను ఎప్పుడూ గీత కిందే.

ముప్పై ఏళ్ళ తర్వాత అదే గీత ఒక ఇంగ్లీషు పుస్తకంలో కనిపించింది. దాని సంగతి మళ్ళీ చెప్తాను. ముందు 1948 గురించి చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ప్రభుత్వం దానికి 'పోలీస్ యాక్షన్' అని పేరు పెట్టింది, వచ్చింది మాత్రం సైన్యం. అంతకు ముందు రజాకార్ల దౌర్జన్యాలు. ఆ తర్వాత సంస్థానంలోని జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన మారణకాండ. దాని మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. సంస్థానపు ఉద్యోగాల్లో ఉన్న ముస్లిం కుటుంబాలు ఎన్నో ఒక్క దెబ్బతో రోడ్డున పడ్డాయి. కొందరు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఇదంతా జరిగిన రెండేళ్ళకి, ఆ నగరపు పోలీసు జట్టు బొంబాయి వెళ్ళింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, జమాల్, లాయిక్ లాంటి పేర్లున్న జట్టు. కప్పు తెచ్చింది. ఆ ఏడాదే డ్యూరాండ్ కూడా. నిన్నటిదాకా అనుమానంగా చూసిన జనం చేత చప్పట్లు కొట్టించుకోవడం ఎలా ఉంటుందో నేను ఊహించగలను గానీ, చెప్పే హక్కు నాకు లేదు. 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కి ఈ నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్లే వెళ్ళారు. అక్కడ చలిలో, చాలామంది బూట్లు లేకుండా ఆడి, యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిపోయారు. ఆ దెబ్బకి మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఇంకో పక్క కూడా ఉంది. అదే 1952 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ముల్కీ ఉద్యమం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళలో విద్యార్థులున్నారు. కాల్చిన డిపార్ట్‌మెంటు పేరూ రోవర్స్ కప్పు మీద చెక్కిన పేరూ ఒకటే. ఆటగాళ్ళకి ఆ కాల్పులతో సంబంధం ఉందని నేననడం లేదు. కానీ మావాడి ప్రశ్న ఇక్కడ గట్టిగా తగులుతుంది. బొహీమియన్ అభిమానికి తన క్లబ్ జెర్సీ వేసుకోవడానికి ఏ సంకోచమూ లేదు. 1952 చివర్లో హైదరాబాద్‌లోని ఒక విద్యార్థి పోలీసు జట్టు గెలిచిందని పేపర్లో చదివి ఏమనుకుని ఉంటాడు?

రెండో ముల్లు, మా జిల్లా. హైదరాబాద్ పోలీసులు మొదటి మూడు రోవర్స్ కప్పులు గెలిచినప్పుడు చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. తర్వాతి రెండు గెలిచేనాటికి ఆంధ్ర రాష్ట్రంలో ఉంది, రాజధాని కర్నూలు, ఆఫీసులు గుడారాల్లో. హైదరాబాద్ మాకు వేరే దేశమే. చదువుకోవాలన్నా, రోగమొచ్చినా, సినిమాల్లో చేరాలన్నా మా వాళ్ళు రైలెక్కేది మద్రాసుకి. ఆంధ్రపత్రిక అచ్చయి వచ్చేదీ మద్రాసు నుంచే. సరిహద్దు ఎంత పల్చనిదంటే 1960లో తిరుత్తణిని మా జిల్లాలోంచి తీసి మద్రాసులో కలిపారు. అలాంటి ఊళ్ళల్లో ఉర్దూ మాట్లాడే పోలీసు జట్టు గురించి ఎవరు పట్టించుకుంటారు?

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెలకి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. బొంబాయి వాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు అది. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ బృందంలో హైదరాబాద్, సికింద్రాబాద్‌ల నుంచి వెళ్ళిన ఆటగాళ్ళు గుంపుగా ఉన్నారు: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. కాగితాల ప్రకారం ఆ రోజుకి వాళ్ళు మా రాష్ట్రం వాళ్ళు. నెలరోజుల వయసున్న రాష్ట్రం. ఈ సంగతిని మా ఊళ్ళో ఎవరైనా పండగ చేసుకున్నారేమోనని పెద్దవాళ్ళని అడిగి చూశాను. ఒకాయన "ఆ యేడు మాకు వానల్లేవు నాయినా" అన్నాడు.

తులసీదాస్ బలరాం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. 1936లో సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టాడు. ఇంట్లో తమిళం, పేదరికం. పోలీసులు వాడి పారేసిన బూట్లని చెప్పులు కుట్టేవాడికిచ్చి ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడని ఆయన కథ. రహీం వాడి ఆట చూసి నగరానికి రమ్మంటే, రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు. రహీం అద్దె సైకిలుకి డబ్బిచ్చాడు. అలా రైడర్స్ క్లబ్, ఆ తర్వాత పోలీసు జట్టు, ఆ తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఛాతీ జబ్బు వల్ల ఇరవై ఏడేళ్ళకే ఆట ఆపాల్సి వచ్చింది. మిగతా జీవితం కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో గడిపి 2023 ఫిబ్రవరిలో పోయాడు. బెంగాలీ పేపర్లు ఆయన్ని తమవాడని రాశాయి. రాయరా మరి? వాళ్ళు ఉంచుకున్నారు.

అందరూ అలా వెళ్ళలేదు. పోలీసు ఉద్యోగం చాలామందిని పట్టి ఉంచింది. రహీం ఉన్నంతకాలం ఊరు కూడా పట్టి ఉంచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ వరసగా రెండేళ్ళు, 1956లో, 1957లో గెలిచింది. రాష్ట్రం పేరు మారినా పుట్‌బాల్ సంఘం పేరు ఇంకా హైదరాబాదే. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి భారత్ రెండోసారి ఆసియా స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం ఉన్నారు. రహీంకి అప్పటికే క్యాన్సర్. 1963 జూన్ 11న యాభై మూడేళ్ళకి చనిపోయాడు.

ఆ ఏడాది పోలీసు జట్టు ఆఖరి రోవర్స్ కప్ గెలిచింది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. తర్వాత ఖాళీ అవడం మొదలైంది. నయీముద్దీన్ కలకత్తా వెళ్ళాడు, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్ అయ్యాడు. హబీబ్ వెళ్ళాడు, తమ్ముడు అక్బర్ వెళ్ళాడు. 1977లో పీలే ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు కాస్మోస్ మీద మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. కలకత్తాలో ఆయన 'బడే మియా'. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. నేల ఇక్కడిది, పంట అక్కడిది.

ఎందుకు నిలబడలేదంటే అందరూ రహీం చావు దగ్గర ఆగుతారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. మనిషి పోతే జట్టు ఓడిపోతుంది, మాయమవదు. ఈ జట్టు అభిమానుల మీద ఆధారపడి పుట్టలేదు. టికెట్ డబ్బుతో, చందాతో నడవలేదు. ఆటంటే ఇష్టమున్న ఆఫీసర్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో నియామకాలు జరుగుతాయి, ఆయన బదిలీ అయితే ఫైలు కదలదు. సమావేశం పెట్టి 'మా క్లబ్బుని ఏం చేస్తున్నారు' అని అడగడానికి సభ్యులు లేరు. ఫతే మైదాన్‌కి వచ్చి గొంతు చించుకున్న వేలమందికి ఒక ఓటూ లేదు, రసీదూ లేదు. 1967లో ఆ మైదానం లాల్ బహదూర్ స్టేడియం అయింది. మెల్లగా క్రికెట్ అక్కడికి వచ్చి కూర్చుంది. ఆటగాళ్ళకి భద్రత ఇచ్చిన ఏర్పాటే జట్టుని అనాథని చేసింది.

దీనికి వ్యతిరేకమైన ప్రయోగం కూడా మన కళ్ళముందే జరిగింది. 2019లో పూణే క్లబ్ మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ప్రైవేటు యజమానులు, పసుపు జెర్సీలు, గచ్చిబౌలి స్టేడియం. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే తిరుపతిలో మా గదిలో ముగ్గురం గెంతాం. ఆ ముగ్గురిలో ఒకడే హైదరాబాద్ వాడు. తర్వాత ఆర్థిక కష్టాలు, ఆటగాళ్ళు వెళ్ళిపోవడం. 2025లో ఆ క్లబ్బుని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. యజమానికి ఆ హక్కు ఉంది. పసుపు జెర్సీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది, ఏం చేయాలో తెలీదు.

హైదరాబాద్ మాది కూడా అని మేం అనుకున్న కాలం 1956 నవంబర్ నుంచి 2014 జూన్ దాకా, యాభై ఏడేళ్ళ ఏడు నెలలు. ఆ కాలంలో ఉద్యోగాల గురించి, నీళ్ళ గురించి, రాజధాని గురించి మా వాళ్ళు హైదరాబాద్‌తో చాలా పేచీలు పెట్టుకున్నారు. ఈ ఫుట్‌బాల్ గురించి మాత్రం ఎవరూ పేచీ పెట్టలేదు, వాటా అడగలేదు. అడగాలంటే ముందు తెలియాలి. ఈ చరిత్ర ఉర్దూలో, ఇంగ్లీషులో, బెంగాలీలో ఉంది. తెలుగులో దాదాపు లేదు. రహీం ఇంటి భాష తెలుగు కాదు కాబట్టి ఆయన తెలుగు ప్రముఖుల జాబితాలో ఉండడు. బలరాంది తమిళం. జట్టు నిండా ఉర్దూ పేర్లు. మనం తెలుగు చరిత్ర అనేటప్పుడు గీసే గీతకి వీళ్ళు అవతల పడ్డారు. ఎవరూ కుట్ర చేయలేదు, ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

మా డ్రిల్లు ఐవార్ని వెతుక్కుంటూ పోయిన నెల వెళ్ళాను. రిటైరై చాలా కాలమైంది. మనవరాలి స్కూలు వ్యాను కోసం వీధి చివర నిలబడి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు గానీ, ఎడమకాలి బుధవారం అనగానే నవ్వాడు.

"అది మీకెవరు నేర్పినారు సార్?"

"దోమలగూడలో నాయినా. వ్యాయామ కాలేజీలో. మా సార్ ఒకాయన అట్లనే చేయించేవాడు."

"ఆయన రహీం దగ్గర నేర్చుకున్నాడా?"

"ఏ రహీం?" అన్నాడు. చెప్పాను. రోవర్స్ కప్ చెప్పాను, జకార్తా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అట్లనా" అన్నాడు. కాసేపాగి, "మా సార్ ఎవురి దగ్గర నేర్చుకున్నాడో మేమెప్పుడూ అడగలే. అడగాలని తెలీదు" అన్నాడు. వ్యాను వచ్చింది. పాప బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "గోడమీద గీత ఉండాదా ఇంకా?" అని అడిగాడు. సున్నం కొట్టేశారని చెప్పాను.

ఆ రాత్రి డబ్లిన్ మిత్రుడికి ఇదంతా చెబుదామని కూర్చున్నాను. మొదట జట్టు పేర్లు తెలుగులో టైపు చేశాను. లాయిక్ దగ్గర చేయి ఆగింది, క కావాలా ఖ కావాలా తెలీలేదు. చూసి రాసుకోవడానికి ఇంకో చోట తెలుగులో కనిపించలేదు. తోచినట్టు రాసి పంపించాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "వీళ్ళలో మనోళ్ళు ఎవరు రా?"

ఏదో టైపు చేశాను. తుడిపేశాను. ఫోన్ చేశాను.